కువైట్ 18, 20, విజిట్, ఆజాద్: ఏ కాగితం మీద ఏ పని చెయ్యొచ్చు?

అంతర్వేది_గాలి:
నమస్కారమండీ. సఖినేటిపల్లి మండలం నుంచి ఇద్దరి సంగతి అడగాలి. ఒకాయనకి 34 ఏళ్లు, తొమ్మిదితో చదువు ఆగింది, కారు లైసెన్సు ఉంది. పాలకొల్లు ఏజెంటు "కువైట్ ఫ్రీ వీసా, లక్షా అరవై, దిగాక ఎక్కడైనా చేసుకోవచ్చు" అంటున్నాడు. రెండో ఆవిడకి 27, ఏడో తరగతి. ఆవిణ్ణి ముందు మస్కట్ విజిట్ మీద పంపి, అక్కడ ఇంటిపని వీసాకి మారుస్తారట. ఇద్దరి పాస్‌పోర్టుల మీదా ఈసీఆర్ (పనికి వెళ్లాలంటే ప్రభుత్వ క్లియరెన్స్ కావాలన్న ముద్ర) అని కొట్టి ఉంది. వాట్సాప్‌లో ఒక అరబ్బీ కాగితం వచ్చింది. ఒకరు దాన్ని వీసా అంటారు, ఇంకొకరు వర్క్ పర్మిట్ అంటారు, మరొకరు అకామా అంటారు. ఏది ఏదో కాస్త విడమరిచి చెబుతారా?

వశిష్ఠ_గట్టు:
మూడూ వేరండి. వర్క్ పర్మిట్ అనేది పని ఇచ్చేవాడికి అక్కడి కార్మిక శాఖ ఇచ్చే అనుమతి. ఫలానా మనిషిని, ఫలానా పనికి, ఇంత జీతానికి పెట్టుకుంటున్నానని అందులో ఉంటుంది. దాని మీద ఆధారపడి దేశంలోకి రానిచ్చే కాగితం వీసా. దిగాక అక్కడ మళ్లీ వైద్య పరీక్ష, వేలిముద్రలు అయ్యాక వేసేది అకామా, అంటే నివాస అనుమతి. అకామా పడ్డాక చేతికొచ్చే కార్డుని మనవాళ్లు బతాకా అంటారు. వాట్సాప్‌లో వచ్చింది వీసా కాగితం అయ్యుంటుంది. అకామా అయ్యే అవకాశం లేదు, మనిషి ఇంకా ఇక్కడే ఉన్నాడు కదా.

కువైట్‌లో చూడాల్సింది ఆర్టికల్ నంబరు.

18 అంటే ప్రైవేటు కంపెనీ, దుకాణం, ఫ్యాక్టరీ పని. మనవాళ్లు షూన్ వీసా అనేది దీన్నే.
20 అంటే ఇంటి పనివాళ్లు. వంట, పిల్లల్ని చూడటం, తోటపని, ఇంటి డ్రైవరు అంతా ఇందులోకే వస్తారు. వాడుకలో ఖాదిమ్ వీసా.
17 ప్రభుత్వ ఉద్యోగం. 22 కుటుంబ సభ్యుల వీసా, దాని మీద కూలి పనికి వెళ్లకూడదు.

"ఫ్రీ వీసా"కి నంబరు లేదు. ఎవరో కఫీల్ (వీసా తీసే యజమాని) పేరు మీద 20గానో 18గానో తీసి, ఇక్కడ ఆజాద్ అని పేరు పెట్టి అమ్ముతారు. కాబట్టి ఏజెంటుని "ఫ్రీయా కాదా" అని అడిగితే లాభం లేదు. ఆర్టికల్ ఎంత, మెహ్నా (వృత్తి) గడిలో ఏం రాసుంది, కఫీల్ మనిషా కంపెనీయా, ఈ మూడూ అడగండి. వృత్తి గడిలో "సాయిక్ ఖాస్" అని ఉంటే ఇంటి డ్రైవరు. "ఖాదిమ్" అని ఉంటే ఇంటి పనివాడు. డ్రైవరని చెప్పి ఖాదిమ్ మీద పంపడం పాత అలవాటే. దిగాక లైసెన్సు దగ్గర దొరికిపోతాడు.

గట్టు_మీద_తాటిచెట్టు:
ఆజాద్ అంత పాపమేం కాదండీ. మలికిపురం, రాజోలు వైపు ఎంతమంది ఆజాద్ మీద వెళ్లి డాబాలు కట్టలేదు? కఫీల్‌కి ఏటా ఇంత అని కడితే వాడి గోల వాడిది, మన పని మనది.

వశిష్ఠ_గట్టు:
కట్టినవాళ్లు కట్టారు, నిజమే. ఇప్పుడు లెక్క మారిందండి.

లక్షా అరవై వేలు మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 4,800. రెండేళ్ల అకామా పూర్తయ్యేసరికి వడ్డీ ఒక్కటే 1,15,200. పైన అకామా తిప్పినప్పుడల్లా కఫీల్ అడిగే దినార్లు. ఆరోగ్య బీమా, బతాకా రుసుము చట్టం ప్రకారం యజమాని కట్టాలి. ఆజాద్‌లో ఆ ఖర్చూ మన మీదే పడుతుంది. పని దొరకని నెలలు కూడా లెక్కలో వేసుకోండి.

చట్టం సంగతి చూస్తే, 2024లో కువైట్ కొత్త నివాస చట్టం తెచ్చింది, 114వ నంబరు. 2025 జనవరి 5 నుంచి అమల్లో ఉంది. వీసాలు అమ్ముకునేవాడికి మూడు నుంచి అయిదేళ్ల జైలు, 5,000 నుంచి 10,000 దినార్ల జరిమానా రాశారు. తన కింద ఉన్న మనిషిని వేరేచోట పని చేయించడమూ నేరమే. దాంతో కఫీల్ భయపడి, తనని తాను కాపాడుకోవడానికి ముందుగా చేసే పని "మా పనివాడు పారిపోయాడు" అని కేసు పెట్టడం. కేసు పడిన రోజు నుంచి ఆ మనిషి ఖల్లివల్లి, అంటే చట్టబద్ధమైన కాగితం లేనివాడు. తనిఖీలో దొరికితే వేలిముద్రలు తీసి పంపించేస్తారు, మళ్లీ ఆ దేశం గడప తొక్కలేడు. ఏరు దాటాక తెప్ప తగలేసే కఫీల్‌కి డబ్బిచ్చి మరీ తెప్ప ఎక్కడం ఎందుకండీ.

20 నుంచి 18కి మారిపోవచ్చని కూడా ఏజెంట్లు చెబుతారు. మామూలు రోజుల్లో అది కుదరదు. 2024 జూలై 14 నుంచి సెప్టెంబరు 12 దాకా రెండు నెలలు తలుపు తీశారు, తర్వాత మూసేశారు. ఆ రెండు నెలల కబురే ఇప్పటికీ తిరుగుతోంది.

అంతర్వేది_గాలి:
మరి ఇంటి డ్రైవరుగా 20 మీద సవ్యంగానే వెళితే? మన లైసెన్సు అక్కడ చెల్లుతుందా?

కోటిపల్లి_రేవు:
చెల్లదు. అక్కడ పరీక్ష రాసి కువైట్ లైసెన్సు తీసుకోవాలి. మామూలు విదేశీయుడికి లైసెన్సుకి 600 దినార్ల జీతం, డిగ్రీ, రెండేళ్ల నివాసం అని షరతులున్నాయి. ఇంటి డ్రైవరు వృత్తికి అవి పట్టించుకోరు. అదే కారణంగా వృత్తి మారిన రోజున లైసెన్సూ పోతుంది. వీసా మీద ఖాదిమ్ అని ఉండి చేతికి కారు తాళాలిస్తే, గుద్దినప్పుడు బీమా రాదు, కేసు మనమీదే. "ముందు రా, తర్వాత మెహ్నా మారుస్తాం" అన్న మాట కాగితం మీద ఉంటే తప్ప నమ్మకండి.

20 మీద ఉన్నవాళ్లకి 2015 నాటి 68వ నంబరు చట్టం వర్తిస్తుంది, 18 వాళ్ల కార్మిక చట్టం కాదు. దాని ప్రకారం కనీస జీతం 60 దినార్లు, రోజుకి 12 గంటలకి మించి పని ఉండకూడదు, వారానికి ఒక సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు, మానేసేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం లెక్కన ముగింపు డబ్బు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 60 అనేది వాళ్ల చట్టం అడుగు మాత్రమే. మన ప్రభుత్వం ఈసీఆర్ వాళ్లకి దేశాన్ని, పనిని బట్టి వేరే కనీస జీతం పెట్టింది, కాంట్రాక్టులో అంతకు తక్కువుంటే ఇక్కడ క్లియరెన్స్ రాదు. ఏజెంటు "అరవై చాలు, చట్టం అదే" అంటే సగం నిజం చెప్పినట్టు.

నర్సాపురం_లేసు:
ఆవిడ విషయం ముందు తేల్చుకోండి అమ్మా, అది ఇంకా ప్రమాదం.

ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళకి 30 ఏళ్లు నిండకుండా 18 ఈసీఆర్ దేశాల్లో ఉద్యోగానికి క్లియరెన్స్ ఇవ్వరు. గల్ఫ్ ఆరు దేశాలూ ఆ 18లోనే ఉన్నాయి. 30 నిండినా ప్రైవేటు ఏజెంటు పంపడానికి లేదు. 2016 ఆగస్టు నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి. మన రాష్ట్రంలో అది ఓంక్యాప్, ప్రభుత్వ విదేశీ ఉద్యోగాల కంపెనీ. ఏజెంటుకి ఇదంతా తెలుసు. తెలుసు కాబట్టే విజిట్ అంటున్నాడు. పనికి కాకుండా చూసి రావడానికి వెళ్లే ఈసీఆర్ వాళ్లకి రానుపోను టికెట్ ఉంటే 2007 నుంచి క్లియరెన్స్ అక్కర్లేదు. ఆ సందులోంచే తోస్తున్నారు.

మస్కట్ వైపు ఆ సందు మూసుకుపోయింది. 2023 అక్టోబరు 31 నుంచి ఒమన్‌లో టూరిస్టు, విజిట్ వీసాలని ఉద్యోగ వీసాగా మార్చడం ఆపేశారు. "అక్కడే మారుస్తాం" అంటే ఏం జరుగుతుందో ఊహించండి. మక్తబ్‌లో (పనివాళ్లని ఇళ్లకి కుదిర్చే ఆఫీసు) కూర్చోబెడతారు, ఇంటికి పంపుతారు, వీసా గడువు దాటుతుంది. అప్పుడు ఆవిడ తప్పించుకుని పోలీసు దగ్గరికి వెళ్లినా ముందు నేరస్తురాలు ఆవిడే. జీతం అడగడానికి కాంట్రాక్టు లేదు, ఇక్కడ బీమా లేదు, ఈ-మైగ్రేట్‌లో (పనికి విదేశం వెళ్లేవాళ్ల కోసం మన ప్రభుత్వ సైట్) పేరు లేదు. మక్తబ్ వాడు "నీ మీద ఇంత పెట్టాను, కట్టి వెళ్లు" అంటాడు.

గట్టు_మీద_తాటిచెట్టు:
మరి దుబాయిలో విజిట్ మీద వెళ్లి ఉద్యోగం వెతుక్కున్నవాళ్లు బోలెడుమంది ఉన్నారు కదండీ. అదీ తప్పేనా?

పూతరేకు:
ఆయ్, ఇక్కడ తాటిచెట్టు గారి మాటలో సగం ఒప్పుకోవాలి. యూఏఈలో విజిట్ మీద ఉన్న మనిషికి కంపెనీ వర్క్ పర్మిట్ తీసి లోపలే స్థితి మార్చుకోవడం చట్టంలో ఉంది. తప్పు ఎక్కడంటే, పర్మిట్ రాకముందే పనిలోకి దిగడం. "ట్రయల్ వారం రోజులు" అన్నా తప్పే. పర్మిట్ లేకుండా పెట్టుకున్న యజమానికి 2024 నుంచి లక్ష దిర్హాముల నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా. అందుకే తనిఖీ వస్తే వెనక తలుపులోంచి పంపేస్తారు, ఆ నెల జీతం గోవిందా.

అక్కడి వరస ఇది. ముందు కార్మిక శాఖ (మోహ్రే) నమూనాలో ఆఫర్ లెటర్. అది అరబ్బీ, ఇంగ్లీషుతో పాటు హిందీ, తమిళం, మలయాళం, ఉర్దూ లాంటి భాషల్లో కూడా దొరుకుతుంది. ఆ ఆఫర్‌లో ఉన్న జీతానికి తగ్గకుండా కాంట్రాక్టు ఉండాలి. తర్వాత ఎంట్రీ పర్మిట్, దిగాక వైద్యం, ఎమిరేట్స్ ఐడీ, నివాసం. పర్మిట్ రెండేళ్లది. ప్రొబేషన్ ఆరు నెలలకి మించకూడదు. నియామక ఖర్చు ఉద్యోగి దగ్గర వసూలు చెయ్యకూడదని వాళ్ల 2021 నాటి 33వ నంబరు చట్టంలో 6వ అధికరణం చెబుతోంది. ఆఫర్ లెటర్ మీద ఉన్న నంబరు మోహ్రే సైట్‌లో కొడితే అసలో నకిలీయో అక్కడే తేలిపోతుంది. ఏజెంటు నంబరు చూపించకుండా వేలితో మూసి ఫొటో పంపితే, ఆ వేలే జవాబు.

ఈసీఆర్ వాళ్లకి ఇందులో మెలిక ఒకటుంది. విజిట్ మీద వెళ్లి లోపల మార్చుకుంటే, మొదటి సెలవుకి ఊరొచ్చి తిరిగి వెళ్లేటప్పుడు ఇక్కడి ఎయిర్‌పోర్టులో "ఉద్యోగ వీసా, ఈసీఆర్, క్లియరెన్స్ ఏది?" అని ఆపుతారు. టికెట్ పోతుంది.

ఇంకొకటి, మన ఇంటిపేర్ల గొడవ. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు గివెన్ నేమ్‌లో ఒకే మాటగా ఉంటే 2022 నవంబరు 21 నుంచి యూఏఈ విజిట్ మీద రానివ్వదు. పాస్‌పోర్టు రెన్యూవల్‌లోనే ఇంటిపేరు విడిగా రాయించుకోండి.

ఉండి_రొయ్య:
ఆక్వా వైపు నుంచి ప్రశ్న. సౌదీ ఎర్రసముద్రం ఒడ్డున రొయ్యల ఫారాలున్నాయి. హేచరీ, పీసీఆర్ ల్యాబ్ పని తెలిసిన ఫిషరీస్ డిగ్రీ కుర్రాళ్లకి ఆఫర్లు వస్తున్నాయి. వీసా మీద మాత్రం "ఆమిల్" అని వస్తోందట. జీతం బాగానే ఉంటే వృత్తి పేరుతో పనేంటి అంటున్నారు.

పూతరేకు:
చాలా పనుంది. ఆమిల్ అంటే మామూలు కూలీ. అకామాలో అదే ఉంటే లైసెన్సులు, కుటుంబ వీసా, వేరే కంపెనీకి మారేటప్పుడు పదవి, అన్నీ దాన్నే పట్టి ఉంటాయి. కంపెనీ దగ్గర టెక్నీషియన్ కోటా లేక ఆమిల్ మీద తీయడం మామూలే. డిగ్రీ కాగితాల తంతు తప్పించుకోవడానికి కూడా అలా చేస్తారు.

2025 జనవరి 14 నుంచి మన దేశం నుంచి వెళ్లే ఉద్యోగ వీసాలకి చదువు, అనుభవం ముందే సరిచూడటం తప్పనిసరి చేశారు. డిగ్రీకి అపోస్టిల్ (ఆ ఒప్పందంలో ఉన్న దేశాల్లో చెల్లేలా మన విదేశాంగ శాఖ వేసే ముద్ర) చాలు, సౌదీ 2022 డిసెంబరు నుంచి ఆ ఒప్పందంలో ఉంది. కువైట్, ఖతార్, యూఏఈ అందులో లేవు. ఆ మూడింటికీ విదేశాంగ శాఖ ముద్ర పడ్డాక ఆ దేశ ఎంబసీ ముద్ర కూడా పడాలి. ఈ తేడా తెలియక సౌదీకి రెండింతలు కట్టేవాళ్లూ ఉన్నారు, కువైట్‌కి అపోస్టిల్ ఒక్కటి చేయించుకుని మళ్లీ మొదటికొచ్చేవాళ్లూ ఉన్నారు.

ప్లంబరు, ఎలక్ట్రీషియన్, వెల్డరు లాంటి చేతిపనులకి తకామోల్ నైపుణ్య పరీక్ష వేరే ఉంటుంది.

దిగాక కాంట్రాక్టు కివా అనే సైట్‌లో నమోదైందో లేదో చూడాలి. 2021 మార్చి 14 నుంచి సౌదీలో ఏడాది పూర్తయ్యాక పాత యజమాని ఒప్పుకోకపోయినా మారొచ్చు. మూడు నెలల్లో కాంట్రాక్టు నమోదు చెయ్యకపోయినా, మూడు నెలలు జీతం ఇవ్వకపోయినా అంతవరకూ ఆగక్కర్లేదు. అకామా, వర్క్ పర్మిట్ రుసుములు యజమానివే, 40వ అధికరణం. ఇవన్నీ కంపెనీ పనివాళ్లకి. ఇంటి డ్రైవరుకి, ఇంటి పనివాళ్లకి ఆ సంస్కరణ వర్తించదు. చూశారా, ఇక్కడ కూడా వృత్తి గడే హక్కుల్ని తేలుస్తోంది.

కోటిపల్లి_రేవు:
ఖతార్ సంగతి కూడా చెప్పేస్తాను, అది తేలిక. హైదరాబాద్‌లో ఖతార్ వీసా కేంద్రం ఉంది. వైద్యం, వేలిముద్రలు, కాంట్రాక్టు సంతకం అన్నీ ఇక్కడే. ఏజెంటు చెప్పిన జీతానికీ తెర మీద కనిపించిన జీతానికీ తేడా ఉంటే సంతకం పెట్టకుండా బయటికొచ్చేయొచ్చు. దిగాక తెలుసుకోవడం కన్నా అది నయం. 2021 మార్చి 20 నుంచి కనీసం 1,000 రియాల్, బస ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300 అదనం. ఇంటి పనివాళ్లకీ ఇదే. వేరే కంపెనీకి మారాలంటే ఎన్‌ఓసీ (పాత యజమాని ఇచ్చే అభ్యంతరం లేదన్న కాగితం) అక్కర్లేదు. రెండేళ్లలోపైతే నెల ముందు, దాటితే రెండు నెలల ముందు నోటీసు.

కువైట్ 18 వాళ్లకి మాత్రం 2025 జూలై 1 నుంచి దేశం దాటాలంటే యజమాని ఎగ్జిట్ పర్మిట్ కావాలి. సెలవు టికెట్ కొనేముందు అది వచ్చిందో లేదో చూసుకోండి.

అంతర్వేది_గాలి:
ఈసీఆర్ క్లియరెన్స్ అసలు ఎలా తీసుకోవాలి? ఏజెంటు "అదంతా మేం చూసుకుంటాం, పాస్‌పోర్టు ఇవ్వండి చాలు" అంటున్నాడు.

నర్సాపురం_లేసు:
పాస్‌పోర్టు ఇచ్చే ముందు వాళ్ల లైసెన్సు నంబరు అడగండి. ఈ-మైగ్రేట్ సైట్‌లో ఏజెంట్ల జాబితా ఉంటుంది. పని చేస్తున్న లైసెన్సా, గడువు తీరిందా, సస్పెండ్ చేశారా, అన్నీ కనిపిస్తాయి. పాలకొల్లులో కూర్చున్నాయన "మాది హైదరాబాద్ ఆఫీసు తరఫున" అంటే, అతను సబ్ ఏజెంటు. 1983 వలస చట్టంలో సబ్ ఏజెంటు అనే పదవే లేదు. లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపితే రెండేళ్ల దాకా జైలు ఉంది.

లైసెన్సున్న ఏజెంటు తీసుకోవాల్సిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. అదీ బ్యాంకు ద్వారా, రసీదుతో. లక్షా అరవై అన్న అంకె చట్టంలో ఎక్కడా ఇమడదు. రసీదు అడగ్గానే రేటు తగ్గిందంటే, అక్కడే మీకు విషయం అర్థమవ్వాలి.

కాగితాల వరస. యజమాని ఈ-మైగ్రేట్‌లో నమోదై ఉండాలి, లేదా కాంట్రాక్టుకి అక్కడి మన ఎంబసీ ముద్ర ఉండాలి. వీసా నకలు, రెండు పక్షాల సంతకాలున్న కాంట్రాక్టు, కనీసం ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు, ప్రవాసీ భారతీయ బీమా, ఒకరోజు శిక్షణ. ఆ తర్వాత హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం క్లియరెన్స్ ఇస్తుంది, ప్రభుత్వ రుసుము 200 రూపాయలు. కాంట్రాక్టులో చూడాల్సింది యజమాని పేరు వీసాలో ఉన్న పేరేనా కాదా అన్నది. తేడా ఉంటే అక్కడే వెనక్కి కొడతారు, కొట్టడమే మంచిది. ఇంగ్లీషు, అరబ్బీ రెండూ ఉన్నప్పుడు కువైట్‌లో చెల్లేది అరబ్బీయే. జీతం అంకె రెండిట్లోనూ ఒకటేనా అని అరబ్బీ చదవగలిగిన వాళ్ల చేత చూపించండి. అమలాపురం, రాజోలు చుట్టుపక్కల కువైట్‌లో పదేళ్లున్నవాళ్లు దొరక్కపోరు.

బీమా రెండేళ్లకి 275, మూడేళ్లకి 375, పైన పన్ను. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా పది లక్షలు. గుండెపోటుతో పోతే ఆ పది లక్షలు రావు. ఇది తెలియక తర్వాత కుటుంబాలు దెబ్బతింటున్నాయి. మామూలు టర్మ్ బీమా ఇక్కడ ఉండగానే వేరే తీసుకోవాలి.

లాకుల_దగ్గర:
పది పాసైతే ఈసీఆర్ పోతుంది కదా. ఓపెన్ స్కూల్లో పది కట్టించి పాస్‌పోర్టు మార్పిస్తే ఆవిడ సమస్య తీరిపోదా? 30 ఏళ్లు నిండాలన్న అడ్డూ ఉండదు.

నర్సాపురం_లేసు:
ఓపెన్ పది సర్టిఫికెట్ చెల్లుతుంది, పాస్‌పోర్టు తిరిగి జారీ చేయించుకుంటే ఈసీఆర్ ముద్ర పోతుంది. ముద్ర లేకపోవడమే ఈసీఎన్‌ఆర్, ఇప్పుడు వేరే ముద్ర వెయ్యరు. ఎయిర్‌పోర్టులో అడ్డు తొలగుతుంది, ఆ మాట నిజం. అడ్డుతో పాటు రక్షణ కూడా పోతుంది. క్లియరెన్స్ అక్కర్లేదు కాబట్టి యజమానిని ఎవరూ సరిచూడరు, కాంట్రాక్టు ఎవరూ చదవరు, బీమా తప్పనిసరి కాదు. మోసపోయినవాళ్లలో పది పాసైనవాళ్లు కూడా ఉన్నారన్న సంగతి మర్చిపోతాం. ఈసీఎన్‌ఆర్ వాళ్లు కూడా ఈ-మైగ్రేట్‌లో ఇష్టపూర్వకంగా నమోదు చేసుకోవచ్చు. పది నిమిషాల పని. పది చదివించండి, తప్పకుండా చదివించండి, ఆ సర్టిఫికెట్‌ని విజిట్ వీసాకి తాళంచెవిగా మాత్రం వాడొద్దు.

నర్సు ఉద్యోగమైతే ఇంకో లెక్క. 2015 నుంచి నర్సులకి ఈసీఎన్‌ఆర్ ఉన్నా ఈ 18 దేశాలకి క్లియరెన్స్ కావాల్సిందే, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి.

గట్టు_మీద_తాటిచెట్టు:
సరేనండి, ఆజాద్ మీద ఇప్పటికే అక్కడున్న వాళ్ల మాటేమిటి? వాళ్లని తిట్టి లాభం లేదు కదా.

వశిష్ఠ_గట్టు:
తిట్టడం లేదండి. అకామా బతికుంటే అదే కఫీల్ దగ్గర విడుదల (తనాజుల్) తీసుకుని, 20 అయితే మరో ఇంటికి, 18 అయితే మరో కంపెనీకి చట్టబద్ధంగా మారే ప్రయత్నం చెయ్యాలి. అకామా చచ్చినవాళ్లకి జరిమానా రోజువారీగా పెరుగుతుంది. విజిట్ మీద వెళ్లి ఉండిపోతే రోజుకి 10 దినార్లు, 2,000 దినార్ల దాకా. అప్పుడప్పుడు క్షమాభిక్ష ఇస్తారు, 2018లో ఇచ్చారు, 2024 మార్చి 17 నుంచి జూన్ నెలాఖరు దాకా ఇచ్చారు. అది ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, దాని మీద ఆశ పెట్టుకుని ఉండిపోకూడదు.

పాస్‌పోర్టు లేకపోతే ఎంబసీ అవుట్‌పాస్ (ఇంటికి రావడానికి తాత్కాలిక ప్రయాణ కాగితం) ఇస్తుంది. ఇల్లు వదిలి వచ్చేసిన ఆడవాళ్లు రోడ్డు మీద ఎవరో చూపిన గదికి వెళ్లకుండా నేరుగా ఎంబసీ షెల్టర్‌కి వెళ్లాలి. టికెట్‌కి డబ్బు లేకపోతే ప్రవాసీ సంక్షేమ నిధి నుంచి ఇచ్చే వీలుంది. ఇక్కడ ఇంటివాళ్లు విదేశాంగ శాఖ వారి మదద్ సైట్‌లో ఫిర్యాదు పెట్టాలి, పాస్‌పోర్టు నంబరు ఉంటే చాలు. టోల్‌ఫ్రీ 1800 11 3090. అందుకే పాస్‌పోర్టు, వీసా, బతాకా ఫొటోలు వెళ్లేవాళ్ల ఫోన్లో కాదు, ఇంట్లోవాళ్ల ఫోన్లో ఉండాలి. ఫోను యజమాని లాక్కునే వస్తువుల్లో మొదటిది.

అంతర్వేది_గాలి:
అరబ్బీ చదివేవాళ్ల చేత చూపించానండి. ఆర్టికల్ 20, మెహ్నా "ఖాదిమ్", కఫీల్ ఒక మనిషి. డ్రైవరు ఊసే లేదు. సోమవారం మెడికల్‌కి హైదరాబాద్ రమ్మంటున్నాడు ఏజెంటు. ఆవిడ ప్రయాణం ఆపేశాం.

కోటిపల్లి_రేవు:
మెడికల్‌కి తొందరపడకండి. అక్కడ "అన్‌ఫిట్" పడితే గల్ఫ్ దేశాల కేంద్రాలన్నిటిలోనూ కనిపిస్తుంది. ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ ఎక్స్‌రేలో ఉన్నా అన్‌ఫిట్ వేస్తారు. ముందు ఊళ్లో ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించి చూసుకోండి, కొన్ని వందల్లో అయిపోతుంది. బాగుంటేనే వాఫిద్ స్లిప్ (గల్ఫ్ మెడికల్‌కి ముందుగా తీసుకునే చీటీ) తీసుకోండి. అది పది డాలర్లు, మీ కార్డుతో మీరే ఆన్‌లైన్‌లో కట్టొచ్చు, ఏజెంటు వేలల్లో అడిగితే ఇవ్వక్కర్లేదు.

ఏజెంటుకి ఒక్కటే మాట చెప్పండి. వృత్తి గడిలో "సాయిక్ ఖాస్" ఉన్న వీసా, అదే కఫీల్ పేరుతో ఎంబసీ ముద్ర ఉన్న కాంట్రాక్టు తెస్తేనే మెడికల్ అని. పోలీస్ క్లియరెన్స్ మాత్రం ఇప్పుడే పాస్‌పోర్టు సేవా సైట్‌లో పెట్టుకోండి, 500 రూపాయలు. కువైట్‌కి అది ఎలాగూ కావాలి, స్టేషన్ విచారణకి రోజులు పడతాయి.

అంతర్వేది_గాలి:
స్లిప్ ఏజెంటు ఇప్పటికే తీసేశాడటండి. చూస్తే దేశం గడిలో ఖతార్ అని ఉంది.

కోటిపల్లి_రేవు:
అయితే ఆ స్లిప్ కువైట్‌కి పనికిరాదు. స్లిప్ ఏ దేశానికి తీస్తే ఆ దేశానికే. సోమవారం బస్సు టికెట్ రద్దు చేసుకోండి.